కింది వాటాలో మా చెల్లి

మా పేట లైబ్రరీలో కొత్త పుస్తకాల బల్ల తీసేసి, ఆ చోట అట్టపెట్టెలు మెట్లలాగా పేర్చి ఊదారంగు బట్ట కప్పారు. పైన కత్తిరించిన రంగుకాగితాలు, ప్లాస్టిక్ బంతిపూలు, బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు. పక్కన ఒక బోర్డు. మెక్సికోవాళ్ళు ఏటా నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళను ఇంటికి పిలిచి భోజనం పెడతారని, జపాన్‌లో పెద్దల కోసం దీపాలు నీళ్ళలో వదులుతారని, చైనాలో సమాధులు ఊడ్చి కాగితపు డబ్బు కాలుస్తారని, భారతదేశంలో హిందువులు ఒక పక్షమంతా పితృదేవతలకు అన్నం పెట్టి తృప్తిపరుస్తారని అందులో రాసి ఉంది. దేశానికొక వాక్యం. కింద పసుపురంగు చీటీలు, ఒక పెన్ను. మీరు తలుచుకోదలచినవారి పేరు రాసి ఇక్కడ అంటించండి అన్నారు.

మన గురించి రాసిన వాక్యాన్ని మళ్ళీ చదివాను. తప్పు లేదు, కాని సగమే ఉంది. ఎవరికి పెడతామో రాశారు. ఎవరికి పెట్టమో రాయలేదు.

చీటీ తీసుకోకుండానే బయటికి వచ్చి చాలాసేపు కారులో కూర్చున్నాను. ఏ సంగతికైనా తేదీ వేసి రాసుకునే అలవాటు నాది. మా ఊరు నోవైలో మొదటి మంచు పడిన రోజు ఏదని అడిగినా ఏటికేడు చెప్పగలను. ఇప్పుడు చెప్పబోయే సంగతికి మాత్రం తేదీ వేయలేదు. తర్వాత లెక్కగట్టి వేయవచ్చు. మనసొప్పలేదు.

నా చిన్నప్పుడు మేమున్న వీధి ఇప్పుడు లేదు. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ వెనక, రెండేసి వాటాల చెక్క ఇళ్ళు వరుసగా ఉండేవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక వాటిని ఒక్కొక్కటిగా కూల్చి, ఆ స్థలంలో గోదాములు కట్టారు. మేము పైవాటాలో ఉండేవాళ్ళం. కింది వాటాలో ఒక మెక్సికో కుటుంబం. ఆ ఇంటాయన, మా నాన్న ఒకే షిఫ్టులో పనిచేసేవారు. ఆయన కూతురిదీ నాదీ ఒకే తరగతి. ఇంటికి పెద్ద ఆయన తల్లి. మనవరాలు ఆమెను 'అబ్వేలా' అని పిలిచేది. మా నోళ్ళకు అది తిరగక అవ్వ అనేవాళ్ళం. ఆమె పలికేది.

ఆ ఇంట్లో చలికాలపు వేడిగాలి రెండు వాటాలకూ ఒకే గొట్టంలోంచి వచ్చేది. గాలితోపాటు వాసనలు కూడా వచ్చేవి. అవ్వ ఇనుప పెనం మీద ఎండుమిరపకాయలు కాలిస్తే మా ఇంట్లో దగ్గేవాళ్ళం. మా అమ్మ ఇంగువ తిరగమోత వేస్తే కింద తుమ్మేవారు. వాళ్ళు మొక్కజొన్న పిండిని కండె మీది ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన రోజున, అచ్చం పనసాకుల పొట్టిక్కల వాసన వస్తోందని అమ్మ వంట ఆపి గొట్టం దగ్గర నిలబడింది. అమెరికా వచ్చాక అమ్మ ముఖంలో ఇష్టమన్నది నేను చూసింది అప్పుడే.

మా నాయనమ్మ, మేము అమెరికా వచ్చిన మరుసటి ఏడు ఆకులు రాలే రోజుల్లో వచ్చింది. అమ్మ కడుపుతో ఉంది. పురుడు పోయడానికి వచ్చానని ఆమె అనేది. కొడుకు చేత తాతయ్య తద్దినం దగ్గరుండి పెట్టించడం కూడా ఆమె పనుల్లో ఒకటి. వచ్చిన కొద్ది రోజులకే ఆ తిథి వచ్చింది. బ్రాహ్మణుడు దొరకలేదు. నాన్న టేపులో మంత్రం పెట్టుకుని, వెనక మెట్ల మీద విస్తరికి బదులు కాగితపు పళ్ళెంలో పిండం పెట్టి, కాకి కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాకులు విద్యుత్తు తీగ మీద కూర్చుని చూస్తున్నాయి. దిగలేదు. కంచె మీంచి ఒక లావాటి ఉడుత దూకి, ముద్ద రెండు చేతులతో పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది.

"ఛీ, ఛీ! కొట్టరా దాన్ని!" అంది నాయనమ్మ.

"తిననీవే అమ్మా, ఉడుత రాముడి భక్తుడు కాదూ? నాన్న ఆకలితోనే వచ్చుంటాడు."

"మీ నాన్న బతికుండగా ఏనాడూ చేత్తో పట్టుకుని కొరకలేదు."

నాన్న నవ్వాడు. చివరికి నాయనమ్మా నవ్వింది. తాతయ్య గురించి మాట్లాడుకుంటూ ఆ పూట అంతా బాగా భోంచేశాం. ఆయన అలకలు, ఆయన నశ్యం డబ్బా, వంకాయ కూరలో కారం చాలదని ఆయన కంచం తోసేసిన వైనం. పోయినవాళ్ళ గురించి మా ఇంట్లో అంత కులాసాగా మాట్లాడుకుంటారు. ఆ పోయినవాళ్ళు మగవాళ్ళయి, పెద్దవాళ్ళయి ఉంటే.

నాకొక చెల్లి ఉండేది. నాన్న ముందుగా అమెరికా వచ్చేశాడు. మేము ముగ్గురం వీసా చేతికొచ్చి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న వేసవిలో దానికి జ్వరం వచ్చింది. మూడేళ్ళు నిండలేదు. పుట్టువెంట్రుకలు తీయలేదు. అక్కడే తీయించుకుని వెళ్దామని ముహూర్తం చూసి ఉంచారు. అటువంటి బిడ్డను మావాళ్ళు దహనం చేయరు, పాతిపెడతారు. పన్నెండు రోజులు, పిండాలు, ఏడాదికొకసారి తద్దినం, ఇవేవీ ఉండవు. మా మేనమామ ఒక్కడూ తువ్వాలులో చుట్టి తీసుకువెళ్ళాడు. మరుసటి వారం మేము విమానం ఎక్కాం.

దానికి మిగిలిన ఫోటో ఒక్కటే, పాస్‌పోర్టు కోసం తీసినది. స్టూడియో అతను తెల్లదుప్పటి కప్పిన స్టూలు మీద కూర్చోబెట్టి, వెనకనుంచి అమ్మను పట్టుకోమన్నాడు. ఆ ఫోటోలో చెల్లి ముఖం, దాని భుజం మీద అమ్మ చేతివేళ్ళు మాత్రమే ఉన్నాయి. చెల్లి ఈ దేశం రాలేదు. ఇక్కడికి రావడానికి తీయించిన ఫోటో వచ్చింది. అమ్మ దాన్ని తన పాస్‌పోర్టులో పెట్టుకుని ఉండేది. నాన్న అడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. చెల్లిని ఆయన చూసింది నెలల పిల్లగా ఉన్నప్పుడే.

అక్టోబరు చివర్లో కింది వాటా గుమ్మానికి బంతిపూల దండలు కట్టారు. అవ్వ పెరట్లో పెంచినవి, మంచు కొట్టకముందే కోసి ఉంచినవి. పైనుంచి చూసిన నాయనమ్మ సంతోషపడిపోయింది.

"కింద పెళ్ళెవరికే?"

"పెళ్ళి కాదు నాయనమ్మా, చచ్చిపోయినవాళ్ళకి," అన్నాను.

"నోర్ముయ్! శుభమా అని పూలు కడితే!"

నా స్నేహితురాలు నన్ను లోపలికి తీసుకువెళ్ళి చూపించింది. గోడవార మెట్లు మెట్లుగా బల్లలు, వాటి మీద ఫోటోలు, పళ్ళు, గ్లాసుతో నీళ్ళు, చిటికెడు ఉప్పు. ఎముకలు అడ్డంగా పెట్టినట్టు పైన పిండి అతికించిన గుండ్రటి రొట్టెలు. నుదుటి మీద పేర్లు రాసిన చక్కెర పుర్రెలు. మేమిద్దరం ఎవరూ చూడకుండా ఒక పుర్రె వెనక భాగం నాకి, మళ్ళీ ముఖం ఇటు తిప్పి పెట్టేశాం.

"అది మా తాత. నువ్వు మా తాత బుర్ర నాకావు," అంది నా స్నేహితురాలు.

"నువ్వూ నాకావు."

"నా తాత, నా ఇష్టం. నీ బుర్ర నువ్వు తెచ్చుకో."

ఆ మాటకే నేను చెల్లి సంగతి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. స్నేహితురాలు వంటింట్లోకి పరుగెత్తి అవ్వతో స్పానిష్‌లో ఏదో చెప్పింది. అవ్వ పిండిచేతులతోనే వచ్చి నా తల పట్టుకుని చూసింది. తర్వాత, చేతులైనా కడుక్కోకుండా, మా వాటా మెట్లెక్కింది.

నాయనమ్మ స్నానానికి వెళ్ళి ఉంది. అమ్మ ఒక్కతే వంటింట్లో ఉంది. అమ్మకు ఇంగ్లీషు రాదు, అవ్వకూ రాదు. అవ్వ అన్నది నా స్నేహితురాలు ఇంగ్లీషులో నాకు చెబితే నేను తెలుగులో అమ్మకు చెప్పాలి. అలా ఇద్దరు పిల్లల నోళ్ళమీదుగా నడిచింది ఆ మాట.

"నవంబరు మొదటి రోజు పిల్లలదట. రెండోది పెద్దవాళ్ళదట. పిల్లలు ముందు వస్తారట, వాళ్ళ కాళ్ళు తేలిక కాబట్టి. అవ్వకు ఇద్దరు పోయారట. చెల్లికేమిష్టమో చెబితే అది కూడా పెడుతుందట."

అమ్మ పొయ్యి కట్టేసింది. గట్టు పట్టుకుని నిలబడింది.

"ఫోటో లేకపోతే ఫరవాలేదట. అవ్వ పిల్లల్లో ఒకరికి లేదట, దీపం పెడుతుందట," అన్నాను.

"ఉందను," అంది అమ్మ. ఇంకాసేపటికి, "మీగడ. మీగడ ఇష్టం దానికి. గిన్నె నాకనివ్వకపోతే ఏడ్చేది. అన్నంలో కలిపితే ఒప్పుకునేది కాదు, విడిగా కావాలి. చెప్పు. విడిగా అని చెప్పు."

నేను చెప్పాను. స్నేహితురాలు చెప్పింది. అవ్వ తల ఊపి, అమ్మ పొట్ట మీద చెయ్యి ఆనించి వెళ్ళిపోయింది. ఆవిడ పిండిచేతి ముద్ర అమ్మ చీర మీద తెల్లగా పడింది.

ఆ మొదటి రోజున అమ్మ పాలు కాచి, చల్లార్చి, మీగడ తీసి, పంచదార చల్లి గిన్నెలో పెట్టుకుంది. చచ్చిపోయిన బిడ్డ కోసం మా అమ్మ చేసిన వంట అదొక్కటే. కింద అవ్వ తన ఇద్దరి మధ్య చోటు చేసి ఉంచింది. పాస్‌పోర్టు ఫోటోకి కొయ్యచట్రం కూడా దొరికింది. ఫోటో చిన్నది, చట్రం పెద్దది. చుట్టూ ఖాళీ కనిపించకుండా బంతిరేకులు నింపింది. ఒక కొవ్వొత్తి, ఒక గాజుగోళీ, మీగడ గిన్నె. అమ్మ నేల మీద కూర్చుంది. ఏడవలేదు. "ఒసేవ్," అంటూ చెల్లిని పేరు పెట్టి పిలిచింది, మామూలు గొంతుతో, వీధిలోంచి లోపలికి రమ్మన్నట్టు.

అవ్వ పిడకల కుంపటి లాంటి మట్టిపాత్రలో ధూపం వేసింది. అదేదో చెట్టు బంక. దాని వాసనకూ మన సాంబ్రాణికీ తేడా చెప్పలేం. గొట్టంలోంచి పైకి వెళ్ళింది. సాంబ్రాణి వాసన పట్టుకుని, ఎవరో మనవాళ్ళు వచ్చారనుకుని నాయనమ్మ కిందికి దిగింది.

గుమ్మంలో నిలబడి చూసింది. ముందు పూలను చూసింది, తర్వాత రొట్టెలను, తర్వాత ఫోటోను.

"ఏం పనే ఇది?"

అమ్మ లేవలేదు.

"పుట్టువెంట్రుకలు తీయని పసిదానికి పిండాలా? లే. కడుపుతో ఉన్నదానివి, ఈ పొగలో కూర్చుంటావా?"

"పిండం కాదు అత్తయ్యా. మీగడ."

"ఏదైతేనేం, పిలిచావు కదా! పిలిస్తే అది అక్కడే ఆగిపోతుంది. దాన్ని మళ్ళీ నీ కడుపులోకి రానివ్వాలా వద్దా? నీ చేత్తో నువ్వే దారికి అడ్డం పడుకున్నావు."

"దాని బదులు ఇంకొకరు వస్తే అది వచ్చినట్టు ఎలా అవుతుంది? వచ్చేది వేరే బిడ్డ. ఇది ఇదే."

"నువ్వొక్కదానివే పోగొట్టుకున్నావా?" అంది నాయనమ్మ. ఆమె గొంతు అంతవరకూ నేను విననంత సన్నగా అయిపోయింది. మూడు వేళ్ళు ఎత్తి చూపించింది. "నేను ముగ్గుర్ని పాతిపెట్టాను. ఒక్కదాని పేరైనా ఎత్తానా? ఎత్తి ఉంటే నీ మొగుడు పుట్టేవాడా?"

ఆ ముగ్గురి సంగతి అమ్మకూ తెలియదు. వాళ్ళిద్దరూ అప్పుడు ఒకరినొకరు చూసుకున్న చూపు నాకు జ్ఞాపకముంది. ఆ చూపు ఇంకొంచెంసేపు ఆగి ఉంటే ఏమై ఉండేదో అని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆగలేదు. అవ్వ కుర్చీ తెచ్చి నాయనమ్మ వెనక వేసి, చేత్తో చూపించింది, కూర్చో, నీ ముగ్గురికీ చోటుంది అన్నట్టు. మాటలు అర్థం కాకపోయినా ఆవిడకు సంగతి అర్థమయింది. నాయనమ్మ కుర్చీని చూసి, పాము పడగ చూసినట్టు వెనక్కి తగ్గి మెట్లెక్కేసింది.

నాన్న షిఫ్టు దిగి వచ్చేసరికి పైన ఇద్దరూ చెరో గదిలో ఉన్నారు. ఆయన చేతులు నూనె మరకలతో ఉండగానే విచారణ జరిగింది.

"ఫోటో ఏది?" అన్నాడు.

"లేదు," అంది అమ్మ. కిందనే వదిలేసి వచ్చింది. "ఇక్కడుంటే ఉండనివ్వరు. ఆవిడ దగ్గర ఉండనీ," అని నాతో మెట్ల మీదే చెప్పింది.

నాన్న చెడ్డవాడు కాడు. అలిసిపోయి ఉన్నాడు. అలిసిపోయినవాళ్ళు తల్లి మాట వింటారు. నాయనమ్మే ముగించింది.

"ఇక ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తకండి. పెద్దది వింటోంది. పిల్ల జడుసుకుంటుంది."

నేను జడుసుకోలేదు. నన్నెవరూ అడగలేదు. నా పేరు చెప్పి మా చెల్లి పేరు ఆపేశారు.

ఫ్యాక్టరీలో మనుషులను తీసేయడం ఆ చలికాలంలోనే మొదలయింది. కింది ఇంటాయన పేరు మొదటి విడతలో వచ్చింది. టెక్సస్‌లో ఆయన అన్న ఉన్నాడట. అమ్మ పురిటికి ఆసుపత్రిలో ఉండగా, నేను బడిలో ఉండగా వాళ్ళు సామాను ఎక్కించుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం నాయనమ్మ తానే చెప్పింది నాన్నతో, కాస్త గొప్పగానే.

"ఆ మెక్సికో ఆవిడ ఏదో కవరు పట్టుకుని తలుపు కొట్టింది. ఇదిగో ఇదిగో అని చేతిలో పెట్టబోయింది. నో, నో అన్నాను. రెండుసార్లు కొట్టింది. తీయలేదు."

అమ్మ చంకలో తమ్ముడితో తిరిగివచ్చి, కింది వాటా కిటికీలోంచి ఖాళీ గదిని చూసింది. ఏమీ అడగలేదు. అడగకపోవడం అమ్మకు అక్కడినుంచి అలవాటయింది.

తమ్ముడిని నాయనమ్మ 'వచ్చింది' అంది, 'పుట్టాడు' అనలేదు. ముందు పోయిన బిడ్డ తర్వాత పుట్టినవాడిని మృత్యువు గుర్తుపట్టకూడదని మావైపు చెత్తకుప్పలో దొర్లించి తీస్తారు. వెనక మెట్ల మీద మంచు పేరుకుని ఉంది, చెత్తడబ్బా మూత మీద దుప్పటి వేసి వాడిని అర నిమిషం పడుకోబెట్టి తీసింది. సూది కాల్చి, పసుపు రాసి, కుడివైపు ముక్కు కుట్టింది. బంగారు తీగ కొన్ని నెలలు ఉంది. తర్వాత నాన్న తీసేశాడు. నాయనమ్మ ఇండియాకు వెళ్ళిపోయి, తమ్ముడికి మాటలు రాకముందే పోయింది.

ఇప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. హెర్న్‌డన్‌లో ఉంటున్న తమ్ముడు ఇద్దరి తద్దినాలూ లోపం లేకుండా పెడతాడు. పురోహితుడు వీడియోలో చెప్పిస్తాడు. మహాలయ పక్షంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు, గోత్రాలు చెప్పి నువ్వులు, నీళ్ళు వదిలాక, మిగిలిన బంధువుల వరుసలు వస్తాయి. తోబుట్టువు కూడా వస్తుంది, భర్తతో, పిల్లలతో కలిపి. పెళ్ళయి, పిల్లలను కని, వయసు తీరి పోయిన చెల్లికి మంత్రంలో చోటుంది. మీగడ గిన్నె కోసం ఏడ్చినదానికి లేదు.

లైబ్రరీ నుంచి వచ్చిన వారంలో నా చిన్ననాటి స్నేహితురాలి కోసం కంప్యూటర్‌లో వెతికాను. అంత సులువుగా దొరుకుతుందనుకోలేదు. డాలస్ దగ్గర పళ్ళ డాక్టరు. ఫోను చేస్తే గుర్తుపట్టి నవ్వింది, తాత బుర్ర నాకినదానివి కదూ అని. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఏటా ఆ ఫోటో పెట్టిందట. గిన్నెలో మీగడ, విడిగా. వాళ్ళ కుటుంబంలో తర్వాత పుట్టిన పిల్లలు ఆ పాప తమ బంధువేననుకున్నారట.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"అబ్వేలా పోయాక మా అమ్మ వేరే చర్చిలో చేరింది. అక్కడ ఇవన్నీ తప్పంటారు, చనిపోయినవాళ్ళను పిలవకూడదంటారు. ఫోటోలన్నీ పెట్టెల్లో సర్ది గరాజ్‌లో పెట్టాం. ఇల్లు మారినప్పుడు ఆ పెట్టెలు... ఐ యామ్ సో సారీ. నాకు తెలీదు."

నేను ఫరవాలేదన్నాను. ఇంకేమంటాను? మేము ఉంచుకోనిదాన్ని వాళ్ళు అన్నేళ్ళు ఉంచుకున్నారు.

ఆ రోజే తమ్ముడికి ఫోను చేశాను. వాడికి తెలిసిన అక్కను నేనొక్కదాన్నే. మధ్యలో ఒకతె ఉండేదని ఎవరూ చెప్పలేదు. ఉన్నదంతా చెప్పాను. చెల్లి పేరు చెప్పాను. పైకి పలికి ఎంతకాలమయిందో, నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. వాడు ఒకసారి తిరిగి పలకబోయి, రెండో అక్షరం దగ్గర తప్పాడు. ముక్కు సంగతి కూడా చెప్పాను.

"వెయిట్. ఈ మచ్చ? నాకు చికెన్‌పాక్స్ వచ్చిందని కదా అమ్మ చెప్పింది?"

"చికెన్‌పాక్స్ నీకు రాలేదు."

"సో, ఐ వాజ్ సపోజ్డ్ టు బీ హర్," అన్నాడు.

"నాయనమ్మ అలా అనుకుంది. అమ్మ అనుకోలేదు."

"ఓకే. ఓకే, అక్కా." వెనకనుంచి వాడి పిల్లలిద్దరి అల్లరి వినిపిస్తోంది. వాడు గది మారి తలుపు వేసిన చప్పుడయింది. గొంతు తగ్గించాడు. "ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకు. థాంక్స్‌గివింగ్‌కి వస్తావు కదా. పిల్లల ముందు ఆ పేరు ఎత్తకు, ప్లీజ్. దే విల్ గెట్ స్కేర్డ్."

సరేనన్నాను. నాయనమ్మ ముఖం వాడు ఎరగడు, ఆమె మాట ఒక్కటీ వినలేదు. పోయినవాళ్ళు మళ్ళీ అదే ఇంట్లో పుడతారంటే నేను ఏనాడూ నమ్మినదాన్ని కాదు. వాడు ఫోను పెట్టేశాక నమ్మాను.